గేటుకు వేసిన అతుకు

“అతికేశాను,” అన్నాడు వెల్డరు గుమ్మంలో అడుగుపెడుతూనే. “పైన, కింద, బందుల దగ్గర, గొళ్ళెం దగ్గర, ఎక్కడా సందు లేకుండా అతికేశాను. ఇక వాడు బయటికి రావాలంటే గోడ తవ్వుకుని రావాల్సిందే.”

అతని భార్య అప్పుడే కుట్టిన కాలర్లు దుకాణంలో ఇచ్చేసి, రెండో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చింది. ఇంట్లో కరెంటు లేదు. స్విచ్చి నొక్కి నొక్కి విసుక్కుంటున్న మనిషి ఆ మాట విని వెనక్కి తిరిగింది. మొగుడి చేతిలో వెల్డింగు హోల్డరు, భుజాన కేబులు చుట్ట, నుదుటి మీదికి ఎత్తిన నల్లద్దాలు. మొహం మాత్రం పందెం గెలిచొచ్చినవాడిలా వెలిగిపోతోంది.

“ఏం అతికారు?”

“మూటలాయన గేటు.”

మూటలాయన గురించి ఆ బిల్డింగులో కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. వీధుల్లో పారేసిన బట్టలు ఏరుకొచ్చి, రంగు రంగుకీ వేరే మూట కట్టి, సరిగ్గా వీళ్ళ నెత్తి మీదున్న మూడో అంతస్తు ఇంట్లో కప్పు దాకా పేర్చుకున్న ముసలాయన. కుళాయి తిప్పి మరిచిపోవడం ఆయనకి అలవాటు. బిల్డింగుకి ఓనరు అనేవాడు ఒకడున్నాడని అందరూ అంటారు గానీ, సున్నం డబ్బాతోనో సిమెంటు బస్తాతోనో అతను వచ్చింది చూసినవాళ్ళు లేరు. అందుకని పైనీళ్ళు కిందికి దిగుతాయి, కింది కప్పు పెచ్చులు ఊడుతుంది. పోయిన వారం ఊడిన పెచ్చు వెల్డరు తల్లి నుదుటి మీద పడి నెత్తురు కళ్ళచూసింది. అప్పట్నించి వెల్డరు తను నిద్రపోలేదు, ఇంట్లో ఇంకొకరిని పోనివ్వలేదు.

“మనిషి లోపలుండగానా?”

“లేనప్పుడు అతికితే ఏం లాభం? పిలిచాను, పలకలేదు. అమ్మనా బూతులు తిట్టాను, పలకలేదు. సుత్తితో గేటు బాదాను, ఊహూ. లోపల్నించి దగ్గు మాత్రం వినిపించింది. దగ్గురా, దగ్గు, అని పని మొదలుపెట్టాను. రెండు పూటలు లోపల మాడితే కుళాయి కట్టడం దానంతటదే వస్తుంది.”

“మరి కరెంటు?”

“నా మిషను ముందు ఆ బోర్డు ఆగుతుందా? ఆఖరి అతుకు పడీ పడగానే ఠప్పుమంది. మీటర్ల దగ్గర మొత్తం మాడిపోయింది. పోనీలే, ఆ ఓనరు ఈ వంకనైనా వస్తాడు.” కేబులు కింద పడేశాడు. “అమ్మేది? కింద నర్సమ్మ దగ్గర కూచుందా?”

ఆమె స్విచ్చి వదిలేసింది. అత్త మంచం వైపు చూసింది. దుప్పటి మడత పెట్టి ఉంది. మంచం కింద చెప్పులు లేవు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తానని పొద్దున్నే వెల్డరు అన్నప్పుడు, ఆమె నోటికొచ్చిన అబద్ధం ఒకటి చెప్పింది. “మేం ఉండం. అత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు మార్పించుకొస్తా” అంది. అత్త పొయ్యి దగ్గర తల వంచుకుని నవ్వింది. అత్తాకోడళ్ళు ఒక మాట మీద ఉండటం లోకంలో అరుదంటారు. ఈ ఇంట్లో ఉన్నారు, ఆ ఒక్క విషయంలో.

“ఏమే, నిన్నే. అమ్మేది?”

“అత్తయ్య నాతో రాలేదు.”

“మరి?”

“పైనుంది.”

“ఏ పైన? డాబా మీదా?”

“మూటలాయన ఇంట్లో.”

వెల్డరుకి ఆ మాట చెవికెక్కింది గానీ బుర్రకెక్కలేదు. నవ్వబోయాడు కూడా. ఆమె గబగబా చెప్పుకుపోయింది, ఆగితే మళ్ళీ చెప్పలేనేమో అన్నట్టు.

“మీరు పనికి వెళ్ళగానే రోజూ వెళ్తుంది. ఆయన బట్టలు ఏరి ఇస్తాడు, అత్తయ్య గుండీలు కోసి డబ్బాలో వేస్తుంది. ఆ గుండీలే నేను కుడుతున్నాను. మీరు వచ్చే వేళకి దిగొచ్చేస్తుంది. మీకు తెలిస్తే గొడవని చెప్పలేదు.”

“మా అమ్మ... వాడింట్లోనా?”

“అవును.”

“నేను అతికిన గేటు లోపలా?”

చెంప ఛెళ్ళుమంది. ఆమె కుట్టుమిషను మీద పడింది. మిషను పక్కకి ఒరిగి, దారపుకండెలు గదంతా దొర్లాయి. రెండో దెబ్బకి చెయ్యెత్తాడు. ఆమె లేచి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా, అతని మొహం మీద బలమంతా పెట్టి తిరిగి కొట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో దెబ్బ అటు నుంచి ఇటే వచ్చింది. ఇటు నుంచి అటు వెళ్ళడం ఇదే మొదలు. ఇద్దరూ నిర్ఘాంతపోయారు.

“నన్ను కొట్టడానికి సాయంత్రం బోలెడు తీరిక దొరుకుతుంది,” అంది ఆమె. ‘మీరు’ అనే మన్నన ఆ దెబ్బతోనే పోయింది. “సుత్తీ ఉలీ తీసుకుని రా ముందు.”

మెట్ల మీద అతను ముందు, ఆమె వెనక. మెట్ల వెడల్పులో సగం టైర్లే. రెండో అంతస్తు ఎదురింటి పంచర్లాయన తన దుకాణం సరుకంతా మెట్ల మీదే పేర్చి, పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాస్తాడు, పట్టపగలు కూడా. ఇద్దరూ తనని తోసుకుంటూ పోతుంటే తల తిప్పి చూశాడు. కిందటి నెల వెల్డరు తలతో కుమ్మితే పగిలిన ముక్కు ఇంకా వాచే ఉంది.

“ఆ దగ్గు ఎవరిదో నీకు తెలీలేదా?” అంది ఆమె వెనకనించి.

అతను రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు.

“పుట్టినప్పట్నించీ వింటున్నావు ఆ దగ్గు. తెలీలేదా?”

“నోర్ముయ్.”

మూడో అంతస్తు చేరకముందే వాసన కొట్టింది. కాలిన ఇనుము వాసన కాదు. గుడ్డ కాలుతున్న వాసన.

గేటు అలాగే ఉంది, లావుపాటి నిలువు చువ్వలు, అడ్డపట్టీలు, ప్రతి మూలా పూసలు గుచ్చినట్టు కొత్త అతుకు. దాని వెనక జానెడు దూరంలో చెక్క తలుపు మూసి ఉంది. ఎలకలు రాకుండా మూటలాయన తలుపు కింది సందులో పాత గుడ్డలు కుక్కుతాడు. వెల్డింగు రవ్వలు ఆ గుడ్డల్లోకే రాలినట్టున్నాయి. సందులోంచి నల్లటి పొగ సన్నగా పాకి వస్తోంది.

“అత్తయ్యా! అత్తయ్యా, నేనే!”

లోపల ఎవరో తలుపు దగ్గరికి నడిచొచ్చిన చప్పుడైంది. తర్వాత తలుపుకి నోరు ఆనించినంత దగ్గరగా, గుసగుసగా ఒక గొంతు:

“అమ్మాయ్, వాడు వెళ్ళిపోయాడా?”

వెల్డరు సుత్తి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె అతని వైపు చూసింది. అతను గోడ వైపు చూశాడు.

“అమ్మా,” అన్నాడు.

లోపల దగ్గు, కొంగులో కుక్కినట్టు.

“అమ్మా, పలకలేదేం? నేను అరుస్తుంటే లోపలుండి కూడా పలకలేదేం? ఒక్క మాట అంటే ఆగిపోయేవాణ్ణి కదే!”

“పలికితే తిడతావని,” అంది తల్లి తలుపు వెనకనించి. “తిట్టి వెళ్ళిపోతావులే అనుకున్నాను.”

“తలుపు తియ్యి అత్తయ్యా, ముందు తలుపు తియ్యి!”

చెక్క తలుపు లోపలికి తెరుచుకుంది. పొగ ఒక్కసారిగా మొహాల మీదికి కొట్టింది. గడప దగ్గర గుడ్డలు మండుతున్నాయి. మంట అప్పటికే గోడవార పేర్చిన మొదటి వరుస మూటలకి అంటుకుని లోలోపల తింటోంది. అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. నుదుటి కట్టు మసిబారిపోయింది. వెనక నీలం బట్టల మూట మీద, భారీ మనిషి, మూటలాయన, బడిలో శిక్షపడ్డ పిల్లాడిలా చేతులు కట్టుకుని కూచున్నాడు.

“నీళ్ళు పొయ్యి అత్తయ్యా!”

“కుళాయి తిప్పాను. చుక్క రావట్లేదు.”

ఎప్పుడూ ఆగని కుళాయి. వెల్డరు తలెత్తి డాబా వైపు చూశాడు.

“వాల్వు,” అన్నాడు. “డాబా మీద వీళ్ళ ఇంటి వాల్వు పొద్దున్నే కట్టేశాను.”

“ఇంకేం చేశావు? ఉన్నవన్నీ ఒక్కసారే చెప్పి చావు!” ఆమె మెట్ల వైపు తిరిగి గొంతు చించుకుంది. “నర్సమ్మా! నర్సమ్మగారూ! నిప్పు!”

నర్సమ్మ ఉద్యోగం మానేసి చాలా కాలమైనా తెల్లకోటు మానలేదు. మెట్ల మీద ఎవరు ఎదురైనా చెయ్యి పట్టుకుని నాడి చూసిగానీ వదలదు. ఇప్పుడు ఆ కోటుతోనే రెండు బకెట్లు మోసుకుంటూ ఎక్కింది. “ఎవరూ పరిగెత్తకండి, ఎవరూ అరవకండి, గుండెకి మంచిది కాదు,” అని తనే అరుస్తూ, చువ్వల సందులోంచి నీళ్ళు విసిరింది. గడప దగ్గర మంట చుయ్యిమంది. లోపలి మూటల్లో మాత్రం పొగ ఇంకా చిక్కబడింది.

“ఫైరింజనుకి ఫోను చేశాను,” అంది నర్సమ్మ. “వీధి మొదట్లో తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది కదా, అది దాటి రాలేం, పైపులు మోసుకుని నడిచి వస్తాం అంటున్నారు. వచ్చేసరికి ఎవరుంటారో ఎవరు పోతారో.”

“డాబా మీదికి వెళ్ళి ఈ ఇంటి వాల్వు తిప్పండి. పరిగెత్తండి!”

నర్సమ్మ నిజంగానే పరిగెత్తింది.

వెల్డరు ఉలి గొళ్ళెం దగ్గర పెట్టి సుత్తితో మోదాడు. నిప్పురవ్వలు లేచాయి. మళ్ళీ మోదాడు. ఉలి జారి వేళ్ళు చితికాయి. చితికిన వేళ్ళతోనే ఉలి పట్టుకుని మోదాడు. తన అతుకు ఊడదని అతను సందు సందునా చెప్పుకుంటాడు. ఆ మాట అబద్ధం కాదు. ఊడలేదు.

“గ్రైండరు తెచ్చి కొయ్యరాదూ!”

“కరెంటేదే! కరెంటేది!” గేటుని కాలితో తన్నాడు, భుజంతో గుద్దాడు, చువ్వలు రెండు చేతులా పట్టుకుని పిచ్చివాడిలా ఊపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. తల్లి ఒక అడుగు వెనక్కి వేసింది. వెనక నిప్పుందని తెలిసీ వేసింది. ఆ అడుగు కోడలు చూసింది.

సుత్తి పని చేసేదాకా ఆమె ఆగలేదు. మెట్లు దిగి పంచర్లాయన కుర్చీ ముందు నిలబడింది.

“అన్నయ్యా, జాకీ ఇవ్వు. చువ్వలు విడదియ్యాలి.”

“పొగ చూస్తూనే ఉన్నానమ్మా,” అన్నాడు పంచర్లాయన, కుర్చీలోంచి లేవకుండా. “నీ మీద నాకేం లేదు. వాణ్ణి వచ్చి అడగమను.”

“లోపల మా అత్తయ్య ఉంది.”

“ముసలామె అంటే నాకూ గౌరవమే. వాణ్ణి వచ్చి అడగమను. ఈ ముక్కు చూసి అడగమను.”

“అడిగేలోపల ఆమె చచ్చిపోతే?”

“వాడి తల్లిని చంపింది వాడవుతాడు. నేనవుతానా?”

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగే రకాలు ప్రతి వాడలోనూ ఉంటాయి. జాకీ కుర్చీ కిందే ఉంది. ఆమె వంగి దాన్ని లాగింది. పంచర్లాయన ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. ఆమె వంగి ఆ చేతిని కొరికింది. నోట్లోకి ఉప్పటి నెత్తురు వచ్చేదాకా వదల్లేదు. అతను కేక పెట్టి, రెండో చేత్తో ఆమె జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఆమె కళ్ళ ముందు చీకటి కమ్మింది. అయినా జాకీ వదల్లేదు.

పైనించి దగ్గు వినిపించింది. పొడవుగా, ఊపిరి తెగిపోయేలా.

పంచర్లాయన జుట్టు వదిలేశాడు. కాసేపు ఆ దగ్గు వింటూ నిలబడ్డాడు.

“ఇటివ్వు,” అన్నాడు. “ఆడవాళ్ళు తిప్పే జాకీ కాదది.”

మూడో అంతస్తుకి వచ్చి, జాకీ నేల మీద పెట్టి, వెల్డరు ముక్కు మీద పిడికిలితో గుద్దాడు. వెల్డరు గోడకి కొట్టుకుని జారిపోయాడు. ముక్కులోంచి నెత్తురు చొక్కా మీదికి కారింది.

“ఇంకోటి కూడా కొట్టు,” అన్నాడు వెల్డరు కిందనించి. “కొట్టి, జాకీ పెట్టు.”

“ఒకటి చాలు.”

జాకీని అడ్డంగా రెండు చువ్వల మధ్య ఇరికించి పంచర్లాయన రాడ్డు తిప్పడం మొదలుపెట్టాడు. ఇనుము మూలిగింది. చువ్వలు విల్లులా వంగాయి. అతుకు ఒక్క చోట కూడా విడలేదు, చువ్వలే వంగాయి. పైన నర్సమ్మ వాల్వు తిప్పినట్టుంది, లోపల కుళాయి పెద్ద చప్పుడుతో నీళ్ళు కక్కింది. అత్త చెంబుతో పట్టి మూటల మీద పోస్తోంది. మంట ఎక్కడా కనబడటం లేదు, ఎక్కడ పోసినా పొగే వస్తోంది. వెనక గదిలో ఏదో ఫెళఫెళమంటోంది.

సందు పిల్లి దూరేంత అయింది. తర్వాత బక్కపలచటి మనిషి దూరేంత అయింది. రాడ్డు ఆగిపోయింది.

“దీని ఎత్తు ఇంతే,” అన్నాడు పంచర్లాయన. “ముసలామెని లాగండి. తర్వాత జాకీ దించి, కింది పట్టీ దగ్గర పెట్టి మళ్ళీ తిప్పండి. నేను దుకాణంలోంచి పెద్దది తెస్తా. ఆ టైర్లకి గనక అంటుకుందంటే ఈ మెట్ల మీద ఎవడూ దిగలేడు, వాటినీ తోసెయ్యాలి.” అంటూనే దిగిపోయాడు. మెట్ల మీద టైర్లు ఒక్కొక్కటే దొర్లుతున్న చప్పుడు వినిపించింది.

వెల్డరు మోకాళ్ళ మీద కూచుని సందులోంచి రెండు చేతులూ లోపలికి చాచాడు.

“రా అమ్మా.”

తల్లి సందు వైపు చూసింది. వెనక్కి తిరిగి మూటలాయన వైపు చూసింది. ఆయన భుజాలు, పొట్ట, ఆయాసం అన్నీ ఒక్కసారి కొలిచినట్టు చూసింది.

“ఈయన పట్టడు,” అంది.

“ముందు నువ్వు రా. తర్వాత చూద్దాం.”

“తర్వాత చూడవు.”

“చూస్తానే!”

“చూడవురా. నా కడుపున పుట్టినవాడివి, నాకు తెలీదా? నేను బయటపడగానే నీ పని అయిపోతుంది. నన్ను ఎత్తుకుని దిగిపోతావు. ముందు ఈయన పట్టేంత చెయ్యి. అప్పుడొస్తాను.”

“వెళ్ళమ్మా, నువ్వు వెళ్ళు,” అన్నాడు మూటలాయన. ఆయన మాట్లాడటం ఆ బిల్డింగులో చాలామంది ఎప్పుడూ వినలేదు. “నాకిక్కడ పనుంది. తెల్లవి, నీలంవి కలిసిపోయాయి.”

“మీరు ఊరుకోండి,” అంది అత్త.

వెల్డరుకి అప్పుడు నిజంగా కోపం వచ్చింది. ఇందాకటిది భయం.

“ఆ పిచ్చిముండాకొడుకు కోసం చస్తావా? నీ నెత్తి పగలగొట్టినవాడి కోసమా? కన్నకొడుకు ఇక్కడ నెత్తురు కక్కుకుంటూ పిలుస్తుంటే, వాడెవడే నీకు?”

“ఎవరూ కాదు,” అంది తల్లి. “ఈయనింట్లో నా మీద ఎవరూ అరవరు. అంతే.”

అతని చెయ్యి పాములా కదిలి ఆమె మణికట్టు దొరకబుచ్చుకుంది. లాగాడు. ముసలి మనిషి చువ్వలకి కొట్టుకుంది. భుజం గీరుకుపోయింది. నుదుటి కట్టు ఊడి కుట్లు పిగిలాయి. “వదలరా, వదలరా” అంటూ పాదాలు నేలకి తన్నిపెట్టింది. అతను వదల్లేదు. పళ్ళు బిగించి, కాలు గేటుకి తన్ని, బస్తాని లాగినట్టు లాగుతున్నాడు. ఎముక పటుక్కుమనేలా ఉంది. తల్లి అరుపు సన్నబడిపోయింది.

“వదులు! చెయ్యి విరుగుతుంది, వదులు!” కోడలు అతని వీపు మీద గుద్దింది. జుట్టు పట్టి లాగింది. అతనికి వినబడటం లేదు.

సుత్తి నేల మీద ఉంది. ఆమె తీసింది. అతని మోచేతి మీద, ఎముక ఉన్న చోటే, రెండు చేతులా ఎత్తి కొట్టింది.

అతను అరవలేదు. వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. తల్లి వెనక్కి పడింది. వెల్డరు తన కుడిచేతిని ఒళ్ళోకి తీసుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఆ చూపుకి మామూలుగా అయితే ఆమె వంటింట్లోకి పారిపోయేది.

పారిపోవడానికి ఇప్పుడు ఉన్న దారి ఒక్కటే. సుత్తి ముందు లోపలికి విసిరి, తల, భుజాలు సందులో దూర్చింది. జాకెట్టు చిరిగింది, నడుం దగ్గర చర్మం లేచిపోయింది. లోపల తడి బూడిదలో చేతులు ఆనించి, కాళ్ళు ఈడ్చుకుని లేచి నిలబడింది. పొగకి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అత్తని లేపి, తన కొంగుతో నుదుటి నెత్తురు అదిమి పట్టుకుంది.

“ఇప్పుడు ముగ్గురం ఉన్నాం,” అంది మొగుడితో. “ఏ ఒక్కరినో లాక్కుని దిగిపోవడం కుదరదు. జాకీ దించి కింద పెట్టు.”

“నువ్వెందుకెళ్ళావే లోపలికి?” అన్నాడు వెల్డరు. ఆ గొంతులో తిట్టు లేదు. “నువ్వెందుకెళ్ళావు?”

“జాకీ.”

అతను లేచాడు. ఎడమచేత్తో జాకీ వదులు చేసి, కింది పట్టీ దగ్గర ఎలాగో ఇరికించాడు. కుడిచేత్తో రాడ్డు పట్టుకున్నాడు. వేళ్ళు మూసుకోలేదు. రాడ్డు చేతిలోంచి జారి నేల మీద గణగణమంది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది.

వెనక గదిలో ఎర్ర మూటల వరుస కూలింది. కప్పు దాకా మంట లేచి గది అంతా పట్టపగలు ఎండ పడినట్టయింది. మూటలాయన “అయ్యో, ఎర్రవి” అని లేవబోయాడు. అత్త ఆయన చొక్కా పట్టుకుని గేటు వైపు ఈడ్చింది.

“తిప్పు!” అని అరిచింది భార్య. “ఏం చూస్తున్నావు, తిప్పు!”

“తిరగట్లేదే,” అన్నాడు వెల్డరు. మొహమంతా నెత్తురు, ఆ నెత్తురులో కన్నీళ్ళు. వీధి వీధంతా భయపడే మనిషి, చచ్చుపడిన చేతిని ఎత్తి చూపిస్తూ ఏడ్చేస్తున్నాడు. “చెయ్యి తిరగట్లేదే.”

తాను కొట్టిన దెబ్బ అది. ఆమె రాడ్డు కోసం చువ్వల్లోంచి చెయ్యి చాచింది, అందలేదు.

అత్త ఆమెని పక్కకి తోసి చువ్వలకి మొహం ఆనించింది. ఇందాక తలుపు వెనక గుసగుసలాడిన మనిషి, ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతుతో అరిచింది.

“ఎడంచేత్తో తిప్పరా!”

“అలవాటు లేదమ్మా...”

“ఉంది. నువ్వు పుట్టుకతో ఎడంచేతివాడివే. అన్నం దాంతోనే తినేవాడివి, రాయి దాంతోనే విసిరేవాడివి. వాతలు పెట్టి మాన్పించింది నేనే.” దగ్గు అడ్డుపడింది. మింగి మళ్ళీ అంది. “నేనే కొట్టి మాన్పించాను, ఇప్పుడు నేనే చెప్తున్నాను. తిప్పు.”

వెల్డరు తన ఎడమచేతిని చూసుకున్నాడు. వంగి రాడ్డు తీశాడు.